సీఎస్ఐ ప్రభుభోజన ఆరాధన: రెండు గంటల్లో ఏముంటుంది, ఎక్కడ తడబడుతుంది

తెలుగు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, అంటే దక్షిణ ఇండియా సంఘం) సంఘాల్లో నెలకోసారో రెండుసార్లో జరిగే ప్రభుభోజన ఆరాధన గురించి ఈ సమీక్ష. యేసు చివరి భోజనాన్ని గుర్తుచేసుకుంటూ ఒకే బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన ఇది. చాలా ఊళ్ళలో అది నెలలో మొదటి ఆదివారం వస్తుంది. కొత్తగా చూసేవాళ్ళకు అదొక పొడుగాటి ప్రార్థన, పాత తెలుగు, మాటిమాటికీ లేవడం కూర్చోవడం. నిజానికి అది ఒక పెద్ద పంచాయితీ తీర్చడానికి రాసుకున్న రాజీపత్రం లాంటిది. ఒకరి పద్ధతి ఒకరికి గిట్టని మూడు నాలుగు రకాల క్రైస్తవుల్ని ఒకే బల్ల దగ్గరికి తేవడానికి కూర్చిన క్రమం. ఆ పని ఇప్పటికీ చేస్తోందా లేదా అన్నదే ఇక్కడ కొలత. పాట బాగుందా, ప్రసంగం బాగుందా అన్నవి తరవాతి సంగతి.

పూర్వాపరం కొంచెం తెలియకపోతే ఆరాధనలో సగం కదలికలు అర్థం కావు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథెడ్రల్‌లో పుట్టింది. కలిసినవాళ్ళు ఆంగ్లికన్లు, మెథడిస్టులు, 1908లోనే ప్రెస్బిటీరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు ఏకమై ఏర్పడ్డ సౌత్ ఇండియా యునైటెడ్ చర్చ్ వాళ్ళు. తెలుగునాట ఈ తేడాలు జిల్లాల వారీగా ఉండేవి. బందరు, ఏలూరు, దోర్నకల్ వైపు ఆంగ్లికన్లు. మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టులు. కడప, గుత్తి, జమ్మలమడుగు వైపు లండన్ మిషన్ వాళ్ళ కాంగ్రిగేషనల్ పద్ధతి. ఆంగ్లికన్లకు బిషప్ (పాస్టర్ల పైన ఉండే పెద్ద) లేనిదే సంఘమే లేదు, కాంగ్రిగేషనల్ వాళ్ళకు బిషప్ అన్న మాటే చేదు. ఒకరు పుస్తకం చూసి ప్రార్థిస్తారు, ఇంకొకరికి ప్రార్థనకు పుస్తకం తీయడమంటే ఆత్మను ఆర్పడమే. 1919లో తరంగంబాడిలో మొదలైన మాటలు ఒక దారికి రావడానికి 28 ఏళ్ళు పట్టింది. ఆ మాటల్లో ముందు నిలిచిన దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ (1912), కలయిక చూడకుండానే 1945 జనవరి 1న కన్నుమూశారు.

అన్నిటికన్నా పెద్ద ముడి ఒక్కటే. బిషప్ చెయ్యి తలమీద పడని, అంటే బిషప్ అభిషేకించని పాస్టరు ఇచ్చే రొట్టె చెల్లుతుందా? దీన్ని సిద్ధాంతం రాసి తేల్చబోతే ఇంకో 28 ఏళ్ళు పట్టేది. వాళ్ళు సిద్ధాంతం జోలికి పోలేదు, గడువు పెట్టుకున్నారు. ఇకమీదట అభిషేకాలన్నీ బిషప్ చేతిమీదే జరుగుతాయి. అప్పటికే సేవలో ఉన్న పాస్టర్లలో ఎవరికీ మళ్ళీ అభిషేకం చెయ్యరు. 30 ఏళ్ళ పాటు రెండు రకాలవాళ్ళూ పక్కపక్కనే ఉంటారు. ఈలోగా ఏ సంఘం మీదా దాని మనస్సాక్షికి సరిపడని ఆరాధన పద్ధతినిగానీ పాస్టర్నిగానీ రుద్దబోమని మాట ఇచ్చుకున్నారు. పల్లెటూరి పెద్దమనుషుల తీర్పు ధోరణి ఇది. ఎవరిది ఒప్పో చెప్పకుండా ఎవరూ లేచిపోకుండా చూసుకోవడం.

ఆరాధన క్రమం మొదటి రూపం 1950లో వచ్చింది. తరవాత సవరించారు, తెలుగులో ఒక్కో బిషప్ కింది ప్రాంతాన్ని, అంటే డయోసిస్‌ను బట్టి ముద్రణలు కాస్త అటూ ఇటూ ఉంటాయి, కానీ అస్థిపంజరం అదే: సిద్ధపాటు, వాక్యపరిచర్య, రొట్టె విరుచుట. ఆరంభంలో ఊరేగింపుగా బైబిల్ లోపలికి రావడం స్కాట్లండ్ ప్రెస్బిటీరియన్ల అలవాటు. పాస్టరు బల్ల వెనక నిలబడి జనం వైపు తిరగడం ఆనాటి ఆంగ్లికన్లకు కొత్త. అంతకుముందు వాళ్ళ గురువు వీపు జనానికి కనిపించేది. పాపపు ఒప్పుకోలు తరవాత పాత నిబంధన, పత్రిక (అపొస్తలుల ఉత్తరం), సువార్త అని మూడు పాఠాలు చదువుతారు. ప్రసంగం, విశ్వాస ప్రమాణం, విజ్ఞాపనలు అయ్యాక ఒక ఆశీర్వాదం ఉంటుంది. బల్లలో పాలుపొందనివాళ్ళు వెళ్ళిపోవచ్చని దాని భావం. కొత్తవాళ్ళు ఇక్కడే మోసపోతారు: ఆరాధన అయిపోయిందనుకుని లేస్తారు. లేవకండి, అసలైన భాగం ఇప్పుడు మొదలవుతుంది.

ఈ రెండో భాగంలో ఎరువు తెచ్చుకోని వాక్యం దాదాపు లేదు. నీ మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటున్నాం, పునరుత్థానాన్ని ఒప్పుకుంటున్నాం, రెండో రాకడకు ఎదురుచూస్తున్నాం అని సంఘమంతా పలికే మాట కేరళ సిరియన్ క్రైస్తవుల ఆరాధన నుంచి వచ్చింది. మంచి ప్రధానయాజకుడవైన యేసూ, మా మధ్య ఉండు అన్న పిలుపు స్పెయిన్‌లోని పాత మోజరబిక్ క్రమంలోది. నీ బల్లకింద రొట్టెముక్కలు ఏరుకోవడానికైనా యోగ్యులం కాము అనే ప్రార్థన ఆంగ్లికన్ పుస్తకంలోది. మెతుకు మెతుకూ ఒక్కో ఇంటి నుంచి వచ్చిన అన్నం. అయినా తింటుంటే అతుకులు తెలియవు, కూర్చినవాళ్ళ పనితనం అంత గొప్పది.

ఈ క్రమం మొత్తంలో అన్నిటికన్నా విలువైన భాగం సమాధానం, అంటే శాంతి, ఇచ్చిపుచ్చుకోవడం. సహోదరులు ఐక్యత కలిగి నివసించుట ఎంత మేలు, ఎంత మనోహరము అని 133వ కీర్తన మొదటి వచనం చదివాక, కానుకలకు ముందు ఇది వస్తుంది. కావాలనే ఈ చోట పెట్టారు. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతూ నీ సహోదరుడికి నీమీద విరోధం ఉందని గుర్తొస్తే, ముందు వెళ్ళి సమాధానపడమని మత్తయి 5వ అధ్యాయం చెబుతుంది కదా, అది ఇక్కడ చేతల్లో జరగాలి. పద్ధతి ఇది. పాస్టరు దగ్గర మొదలై, వరసకొకరి ద్వారా వెనక్కి వస్తుంది. ఇచ్చేవారి కుడి అరచెయ్యి తీసుకునేవారి కుడి అరచేతికి ఆనుతుంది. ఇద్దరూ ఎడమచేతిని ఎదుటివారి కుడిచేతి మీద మూస్తారు. కరచాలనం కాదు, నమస్కారమూ కాదు. నాలుగు చేతులు ఒక పొట్లంలా అవుతాయి.

అంటరానితనం రోజువారీ రివాజుగా ఉన్న 1950 నాటి తెలుగు పల్లెలో ఒక అరచెయ్యి ఇంకో అరచేతిని అలా మూసిందంటే ఎంత పెద్ద మాటో వేరే చెప్పక్కర్లేదు. ఈనాటికీ దాని పరీక్ష తగ్గలేదు. మాల, మాదిగ కుటుంబాలు రెండూ ఉన్న సంఘంలో, సంఘాన్ని నడిపే పాస్టరేట్ కమిటీ ఎన్నికలు అయిన వారమే ఈ చేతులు కలవాల్సి వస్తుంది. అక్కడ చూడాలి ఈ క్రమం బలం. కలపాల్సిన చెయ్యి ఎవరిదో మీరు ఎంచుకోలేరు, వరస ఎంచుతుంది.

ఇందులో తప్పు జరిగేది ఎక్కడంటే, వరస మానేసి ఎవరికి తోచినవారి దగ్గరికి వాళ్ళు నడిచి వెళ్ళడం మొదలైనప్పుడు. చూడటానికి సందడిగా, ఆప్యాయంగా ఉంటుంది. కానీ జనం తమకు నచ్చినవాళ్ళ దగ్గరికే వెళ్తారు, పలకరింపు బంధువుల మధ్యే తిరిగి ఆగిపోతుంది. కోవిడ్ తరవాత చాలాచోట్ల దూరంనుంచి నమస్కారంతో సరిపెట్టారు, కొన్నిచోట్ల అదే స్థిరపడింది. తిరిగి చేతులకు రావాలంటే పెద్ద ఏర్పాటేం అక్కర్లేదు. సంఘపెద్దలు నలుగురు నాలుగు వరసల చివర నిలబడి అందుకుంటే చాలు, మిగతాది దానంతట అదే నడుస్తుంది. ఏ సంఘంలోనైనా ఈ ఒక్క రెండు నిమిషాలు గమనిస్తే, ఆ సంఘం లోపలి వాతావరణం గంట ప్రసంగం కన్నా బాగా తెలుస్తుంది.

బల్ల విషయానికొస్తే, రొట్టె సాధారణంగా పలచని గుండ్రటి అప్పం, ద్రాక్షారసం పులియనిదో, నీళ్ళు కలిపినదో. ఒకే గిన్నె పెదవికి అందించడం ఆంగ్లికన్ వారసత్వం, చిన్న చిన్న గిన్నెలు మిగతావాళ్ళ వారసత్వం, అప్పాన్ని రసంలో ముంచి ఇవ్వడం ఈమధ్య ఎక్కువైంది. మూడూ చెల్లుతాయి. మోకరించే కటకటాల దగ్గర ఒక్కో విడతకు ఇరవైమంది పడితే, 300 మందికి పదిహేను విడతలు. విడతకు రెండు నిమిషాలు వేసుకున్నా అరగంట. చాలా సంఘాల్లో విసుగు పుట్టేది ఇక్కడే, దాన్ని కప్పడానికి మైకులో పాట హోరెత్తిస్తారు. పాట తగ్గించి రెండు వైపులా పంచిపెడితే సమయం సగమవుతుంది, పైగా ఆ నిశ్శబ్దం మంచిది. వేరే సంఘంలో బల్లలో పాలుపొందే సభ్యులైతే ఇక్కడ అతిథులుగా రావచ్చు. బాప్తిస్మం లేనివాళ్ళు కూర్చునే ఉండొచ్చు. లేదా వెళ్ళి తలవంచితే చాలామంది పాస్టర్లు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తారు. ఏదీ తప్పు పట్టరు.

కానుకల దగ్గర పల్లె ఆరాధనకు పట్నం ఆరాధన సాటిరాదు. వండేపూట తీసిపెట్టిన పిడికెడు బియ్యం వారమంతా కూడబెట్టి స్త్రీలు తెచ్చి ముందు పోస్తారు. డబ్బు సంచీ తిరగడం కన్నా ఈ బియ్యం చప్పుడు ఎక్కువ చెబుతుంది. కోత పండుగనాడైతే గుమ్మడికాయలు, కోళ్ళు, గెలలు అన్నీ వస్తాయి, ఆరాధన తరవాత వేలం. ఒకే కోడిపుంజును కొన్నవాళ్ళే తిరిగి ఇచ్చేస్తే మళ్ళీ మళ్ళీ వేలానికొస్తుంది.

ఇక పాటలు. గొడవలెక్కువగా పుట్టేది ఇక్కడే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం సీఎస్ఐ, లూథరన్, బాప్టిస్టు సంఘాలన్నిటికీ ఉమ్మడి ఆస్తి. సిద్ధాంతాల్లో కలవనివాళ్ళంతా పాట దగ్గర ఎప్పుడో కలిసిపోయారు. ప్రతి కీర్తన తలమీద రాగం, తాళం అచ్చేసి ఉంటాయి, పల్లవి, అనుపల్లవి, చరణాలు మన కీర్తనల పద్ధతే. పర్లాకిమిడి దగ్గర పుట్టి 1833లో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి కీర్తనలు ఇప్పటికీ సంఘాల నోళ్ళలో నానుతున్నాయి. ఇబ్బంది ఎక్కడుందంటే పుస్తకంలో స్వరం లేదు. ఆనందభైరవి అని పైన రాసి ఉన్నా, అది తెలిసినవాళ్ళు సంఘంలో లేకపోతే ఆ మాట ఉత్త అలంకారమే. వరస ముసలివాళ్ళ గొంతుల్లో ఉంటుంది, వాళ్ళు పోతే పోతుంది. అందుకే యువజనులు కొత్త పాటలు తెస్తారు, పెద్దలు ముఖం చిట్లిస్తారు. రెండు వైపులా న్యాయముంది. కానీ సాధారణంగా గెలిచేది కీబోర్డు. వాయించేవాడు ఒక్క మగగొంతుకు సరిపోయే శృతి పెట్టుకుంటాడు, స్త్రీలు అందుకోలేక రెండో చరణానికి మౌనం. సంఘగానానికి శృతి దించాలి, పల్లవి రెండుసార్లు తిరగాలి, డ్రమ్ ప్యాడ్ ఒప్పుకోలు ప్రార్థన వరకైనా ఆగాలి. పాత వరసలు తెలిసినవాళ్ళ చేత ఫోన్‌లో పాడించి రికార్డు చేసి దాచుకున్న సంఘాలు తెలివైనవి.

భాష మాటకొస్తే ఈ ఆరాధనకు మార్కులు తక్కువే. క్రమమూ బైబిలూ చేసెను, పలికెను, యుండుగాక ధోరణిలోనే సాగుతాయి. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పోరాడింది పురుషోత్తమ చౌదరి పుట్టిన ఆ పర్లాకిమిడి సీమ నుంచే, అయినా గుడి గుమ్మం దగ్గర ఆ గాలి ఆగిపోయింది. పాత మాటలకు ఒక బరువు ఉంది, నిజమే. కంఠతా వచ్చిన అమ్మమ్మకు అవి శ్వాస. కానీ పాపపు ఒప్పుకోలు అర్థం కాకుండా చదివితే ఎవరి పాపం ఎవరు ఒప్పుకున్నట్టు? మార్చబోయినచోట ఇంకో చిక్కు వస్తుంది. సగం పాతవి, సగం కొత్తవి కలిసి, జనం ఒక్క గొంతుతో పలకలేకపోతారు. మార్చేదైతే మొత్తం మార్చి అందరి చేతికీ ఒకే ముద్రణ ఇవ్వాలి. తెరమీద ప్రొజెక్టర్ పెట్టి పాత పుస్తకాలు బెంచీల మీద ఉంచడం మధ్యేమార్గం కాదు, గందరగోళం.

బయటనుంచి వచ్చే ఒత్తిడిలో మొదటిది బాప్తిస్మం. సీఎస్ఐ చంటిబిడ్డలకు నీళ్ళు చిలకరించి బాప్తిస్మమిస్తుంది, పెద్దయ్యాక కన్ఫర్మేషన్ (సొంత నోటితో విశ్వాసం ఒప్పుకుని స్థిరపడే క్రతువు). బాప్టిస్టులు, బ్రదరన్, పెంతెకొస్తు వాళ్ళు అది చెల్లదంటారు, నమ్మి మునగాలంటారు. 1950 నుంచి హైదరాబాద్ హెబ్రోను కేంద్రంగా సువార్తికుడు భక్త్ సింగ్ నడిపిన సహవాసాలు తెలుగునాట ఈ ఆలోచనను ఇల్లిల్లూ తిప్పాయి. అందుకే ఇప్పుడు ఒకే కుటుంబంలో పొద్దున సీఎస్ఐ గుడి, సాయంత్రం ప్రార్థన మందిరం. తండ్రికి ఒక బాప్తిస్మం, కొడుక్కి రెండు. బాప్తిస్మం ఒక్కటే, రెండోది లేదన్నది సీఎస్ఐ మాట. మునిగొచ్చిన యువకుణ్ణి కమిటీ నిలదీస్తే అతను పూర్తిగా వెళ్ళిపోతాడు, ఊరుకుంటే కమిటీలో సగంమంది అలుగుతారు. దీనికి క్రమంలో జవాబు లేదు. ఉన్నదల్లా బల్ల దగ్గర అతని పక్కన మోకరించడం.

రెండోది రిజిస్టరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు, క్రైస్తవులకు లేదు. తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలు బీసీ-సి. దీనివల్ల ప్రతి ఆదివారం వచ్చి, కీర్తనలు కంఠతా పాడి, బాప్తిస్మ రిజిస్టరులో పేరుకు మాత్రం వెనకాడేవాళ్ళు ఉంటారు. పేరు లేనిదే కన్ఫర్మేషన్ లేదు, సంఘం ఎన్నికల్లో ఓటు లేదు. కొత్త పాస్టర్లకు ఒక్క మాట: వెనక వరసల్లో కూర్చుని బల్లకు రానివాళ్ళందరూ విశ్వాసం లేనివాళ్ళు కాదు. మైకులో మందలించకండి.

పాలన గురించి ఎక్కువ చెప్పడానికి మనసు రాదు. ఆస్తులు 1947లో పెట్టిన సీఎస్ఐ ట్రస్ట్ అసోసియేషన్ చేతిలో ఉన్నాయి, పదవులన్నీ ఎన్నికల మీద నడుస్తాయి, భూముల విలువ పెరిగింది. ఈ మూడూ ఒకచోట చేరితే కోర్టు కేసులు రాక మానవు. సీఎస్ఐ మొత్తానికి పెద్ద అయిన మోడరేటర్ ఎన్నిక వివాదం కూడా మద్రాసు హైకోర్టు దాకా పోయింది. ఆరాధనకు వెళ్ళే సామాన్యుడికి దీనివల్ల తగిలే దెబ్బ ఒకటే, పాస్టరు బదిలీల సమయంలో సంఘం రెండుగా చీలి మాట్లాడటం.

ఇంత చెప్పాక నంద్యాల గురించి చెప్పకపోతే లెక్క తప్పుతుంది. 1947లో కలవబోమని మొండికేసిన ఆంగ్లికన్ సంఘాలు నంద్యాల ప్రాంతానివే. బిషప్ అభిషేకం లేని పాస్టర్లతో కలిస్తే తమ బల్ల పవిత్రత పోతుందన్నది వాళ్ళ భయం. వాళ్ళను ఎవరూ బలవంతపెట్టలేదు. 1975లో చేరారు. 2013లో సీఎస్ఐ మొట్టమొదటి మహిళా బిషప్‌గా ఇ. పుష్పలలిత అభిషేకం పొందింది ఆ నంద్యాల డయోసిస్‌కే. ఎవరి చెయ్యి తలమీద పడాలి అని గీత గీసి బయట నిలబడ్డ చోట, ఆ చెయ్యి ఒక స్త్రీది అయింది. సిద్ధాంతం ఓడిందని కాదు, అభిషేకం మీద వాళ్ళ పట్టు అలాగే ఉంది. దాన్ని పట్టుకున్న చేతులు మారాయి. మహిళా ప్రెస్బిటర్లు (అభిషేకం పొందిన పాస్టర్లు) అంతకు చాలా ముందునుంచీ ఉన్నా, అయ్యగారూ అని పిలవడం అలవాటైన జనానికి పిలుపు దొరకలేదు. పాస్టరమ్మ అంటే పాస్టరుగారి భార్య అన్న అర్థం అప్పటికే స్థిరపడిపోయింది. కొన్నిచోట్ల ఇప్పటికీ అమ్మగారూ అని సర్దుకుంటున్నారు.

ఒక్కసారే వెళ్ళగలిగితే ఎక్కడికి వెళ్ళాలి? మెదక్ కెథెడ్రల్ అందరూ చెప్పే పేరు. కరువు రోజుల్లో జనానికి పని కల్పిస్తూ వెస్లియన్ మిషనరీ పోస్నెట్ దొరగారు కట్టించిన గుడి, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్ల లోపే. క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం చూపే మూడు రంగుటద్దాల కిటికీలు పగటి వెలుగులోనే కనిపిస్తాయి కాబట్టి చీకటిపడ్డాక వెళ్ళి లాభం లేదు. క్రిస్మస్, గుడ్ ఫ్రైడే రోజుల్లో ఆరాధనకన్నా జాతర ఎక్కువ. సందర్శకులు ఫోన్లు ఎత్తి తిరుగుతుంటే సమాధానం వరస కుదరదు. దోర్నకల్ ఎపిఫనీ కెథెడ్రల్ (1939) ఈ ఆరాధనకు ఎక్కువ నప్పుతుంది. గుడి మండపం, మసీదు మినార్లు, చర్చి పొడవు మూడూ ఒకే కట్టడంలో ఒదిగి ఉంటాయి. కాజీపేట, విజయవాడ రైలు దారిలో జంక్షన్, స్టేషన్‌లో దిగి వెళ్ళొచ్చు.

మా ఓటు మాత్రం రెండింటికీ కాదు. డెబ్భై ఎనభై మంది పట్టే పల్లె గుడికి మొదటి ఆదివారం పదిహేను నిమిషాల ముందు వెళ్ళండి. చెప్పులు బయట విడవండి. స్త్రీలు కొంగు కప్పుకుంటారు. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు ఉంటే ఆ వరసలోనే కూర్చోండి. మొదటి వరస వద్దు, ఎప్పుడు లేవాలో తెలియదు. మూడో వరస మంచిది. క్రమం పుస్తకం అడిగి తీసుకోండి, ఫోన్‌లో వెతకొద్దు, ముద్రణలు కలవవు. మొదటి ఆశీర్వాదానికి లేవొద్దు. కాసేపట్లో పక్కవారు రెండు చేతులూ చాస్తారు. కుడి అరచెయ్యి ముందు.